వినగడప పాలబండికి కమాను పట్టీలు తీసిన వైనం

మోటారు మరమ్మతు వృత్తిలో ప్రవేశించదలచిన యువకులు అప్పుడప్పుడు నన్ను చూడవస్తుంటారు. వచ్చినవారు సాధారణంగా ఒకే ప్రశ్న వేస్తారు: ఈ పనిలో అసలు విద్య ఏది? ఇంజను విప్పి బిగించడమా, నొక్కుకుపోయిన రేకును సాగగొట్టడమా, శబ్దం విని రోగం చెప్పడమా? ఇవన్నీ అవసరమే. చేతులు నల్లబడే కొద్దీ ఇవన్నీ వాటంతట అవే వస్తాయి. కాని ఒక బండి ఏ పనికి పుట్టిందో, ఈనాడు ఏ పని చేయవలసి ఉన్నదో, ఆ రెంటికీ నడుమ ఎంత దూరమున్నదో చూడగల దృష్టి మాత్రం చేతుల వల్ల రాదు. నాకు ఆ దృష్టి ఒక్క బండి వల్ల కలిగింది. దాని మాట ఎత్తితే ఇప్పటికీ నా గొంతు ఒక మెట్టు హెచ్చుతుంది. పాఠకులు మన్నించాలి.

నా సంగతి క్లుప్తంగా చెప్పి పక్కకు తప్పుకుంటాను. మా తండ్రిగారు పండితులు. ఆయన సన్నిధిలో కావ్యాలూ వ్యాకరణమూ చదువుకున్నాను. తెలుగు పండితుడి ఉద్యోగం కోసం ఎదురుచూసి, ఎదురుచూడడమే ఉద్యోగమయ్యేటట్లున్నదని గ్రహించి, తిరువూరులో కరీముల్లా మేస్త్రీగారి మోటారు షెడ్డులో చేరాను. ఆయన నాకు యజమానీ, గురువూ. ఆయనతోపాటు డ్రైవర్లందరూ నన్ను "పంతులు" అనే పిలిచేవారు. మొదట్లో ఆ పిలుపులో కొంత వెక్కిరింత ఉండేది. కాలక్రమాన వెక్కిరింత ఆవిరై, పిలుపు మిగిలింది.

ఊక కింద దొరికిన బండి

డెబ్బైల నడుమ, పెట్రోలు ధర చుక్కలనంటిన రోజులవి. వినగడప నుంచి దేవసహాయం అనే యువకుడు షెడ్డుకు వచ్చాడు. ఆ ఊరి క్రైస్తవ పేటవాడు. తండ్రి వ్యవసాయ కూలీ. తాను లారీ క్లీనరుగా మొదలై డ్రైవరైనవాడు. వినగడపలోనూ దారి పొడవునా ఉన్న పల్లెల్లోనూ పాలు సేకరించి తిరువూరు పాలకేంద్రానికి చేర్చే పని అతనికి కొత్తగా దక్కింది. అంతవరకు ఆ పాలు సైకిళ్ల మీదా, ఎడ్లబండి మీదా వచ్చేవి. ఎండ ముదిరితే సగం దారిలోనే విరిగిపోయేవి.

"మేస్త్రీగారూ, విస్సన్నపేటలో మూతపడ్డ రైసుమిల్లులో ఒక పాత పికప్పుందండి. ఒక్కసారి వచ్చి చూడండి. బాగవుద్దంటే తీసుకుంటా, అవదంటే ఆశ వదిలేసుకుంటా," అన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి ఉందది?"

"నేను పుట్టకముందు నుంచీ ఉందంటున్నారండి."

"అయితే నీకంటే పెద్దది. దాంతో కూడా 'అండి' పెట్టి మాట్లాడు," అని నవ్వి, మేస్త్రీగారు చిన్న సుత్తి చేతపట్టుకొని లేచారు.

మిల్లు వెనుక పాకలో ఊక కొండలా పోసి ఉంది. దానిలోంచి ఒక పొడుగాటి ముక్కు, రెండు గుండ్రని దీపాల గుంటలు మాత్రం కనిపిస్తున్నాయి. ఊక తొలగించే కొద్దీ బండి ఆకారం బయటపడింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం తెచ్చి, యుద్ధం ముగిశాక వేలంలో అమ్మేసిన బండ్లలో అదొకటి. మడ్‌గార్డులు ఏనుగు తలకాయల్లా ఉబ్బి ఉన్నాయి. నీలిరంగు పెచ్చు లేచినచోట సైన్యపు ఆకుపచ్చ తొంగిచూస్తోంది. సీటు మీద మేకలు కాపురముండిన ఆనవాళ్లున్నాయి. వెనుక తొట్టి చెక్కలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి.

మేస్త్రీగారు నేల మీద వెల్లకిలా పడుకొని బండి కిందికి జరిగారు. బండికి వెన్నెముక వంటి చాసిస్ పొడవునా సుత్తితో తట్టుతూ పోయారు. ప్రతి దెబ్బకూ ఇనుము ఖంగుమని పలికింది. తుప్పు తిన్న ఇనుము అలా పలకదు. గోనెసంచిని తట్టినట్లు ఉంటుంది దాని శబ్దం. కొసదాకా తట్టి ఆయన కిందనుంచే కేక పెట్టారు.

"అరె పంతులూ! పైనంతా పోయిందయ్యా. లోపల ప్రాణముంది!"

ఆ కేక విన్నప్పుడు నా ఒళ్లు పులకరించింది. యువకులారా, ఈ వృత్తిలో దొరికే మహదానందం ఇదే, దాచుకోవలసిన పని లేదు. చచ్చిందని లోకం వదిలేసినదానిలో ప్రాణం వినిపించడం! చాసిస్ గట్టిగా ఉన్న బండిని ఎన్నడూ పాత ఇనుము కింద తూకానికి వెయ్యకండి. తక్కినవన్నీ మనిషి చేసినవే కనుక మనిషి మళ్లీ చేయగలడు.

ఎడమవైపు స్టీరింగు

ఆ బండిని ఎడ్లజతతో తిరువూరు లాక్కొచ్చాం. ఆ తరువాత షెడ్డులో గడిచిన కాలాన్ని పని అనడానికి నాకు మనసొప్పదు. ఉత్సవమనాలి. అసలు పెట్రోలు ఇంజను పిస్టన్లు గోడలకు అతుక్కుపోయి కదలలేదు. కదిలినా దాని దాహం తీర్చడం పాలబండి వల్ల కాదు. బెజవాడ ఆటోనగర్‌లో ఒక పాత డీజిలు ఇంజను వెదికి తెచ్చాం. దానికీ ఈ గేరుబాక్సుకూ చుట్టరికం లేదు. నడుమ ఒక దళసరి ఇనుప పళ్లెం లేతు మీద తరిగించి, ఇటు బోల్టులు ఇటూ అటు బోల్టులు అటూ కుదిరేలా రంధ్రాలు వేసి, రెంటినీ వియ్యమందించాం. రేకు పని మేస్త్రీగారు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇసుకసంచి మీద రేకు పరచి, కొయ్యసుత్తితో మెల్లమెల్లగా కొట్టి, కుళ్లిన మడ్‌గార్డు ముక్కకు ప్రతిరూపం పుట్టించేవారు. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. తొట్టికి నల్లమద్ది చెక్కలు వేశాం. పాల డబ్బాలు జారకుండా వాటి మీద కొయ్యపట్టెలు దిగ్గొట్టాం. ఎండ తగలకుండా గుడారపు గుడ్డ పైకప్పు వేశాం.

స్టీరింగు దగ్గర మాత్రం వాదం పుట్టింది. అమెరికా బండి కనుక డ్రైవరు ఎడమవైపు కూర్చోవాలి. మన రోడ్ల మీద ముందు పోయే లారీని దాటాలంటే ఎడమవైపు కూర్చున్నవాడికి ఎదురుగా వచ్చేది కనిపించదు. స్టీరింగును కుడివైపుకు మార్చడమే సబబని నేను వాదించాను. దేవసహాయం తల అడ్డంగా ఊపాడు.

"వద్దండి పంతులుగారూ. ఆగే ప్రతిచోటా డబ్బాలు రోడ్డుకి ఎడంపక్కే ఉంటాయి. నేను తలుపు తీసి దిగితే చేతికి అందుతాయి. కుడిపక్కుంటే ప్రతిసారీ బండి చుట్టూ తిరగాలి."

"మరి లారీని దాటేదెట్లా?"

అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అతని భార్య మార్తమ్మ కల్పించుకుంది. "కుడిపక్క నేను కూర్చుంటానండి. పొమ్మంటే పోతాడు, ఆగమంటే ఆగుతాడు."

"ఇంట్లో ఆగుతున్నాడా?" అన్నారు మేస్త్రీగారు.

"ఇంట్లో ఆగడు గానీ, రోడ్డు మీద ప్రాణభయం ఉంటది కదండీ!"

షెడ్డంతా గొల్లుమంది. స్టీరింగు ఎడమవైపే ఉండిపోయింది. పాత బండిని నిత్యవాడుకకు మలచడమంటే దాని వింతలన్నిటినీ చెరిపివేయడం కాదనీ, వాటిలో మన పనికి ఒదిగేవి ఏవో కనిపెట్టడమనీ ఆనాడు గ్రహించాను.

మేస్త్రీగారి పట్టీలు

ఇప్పుడు ఈ కథకు ఆయువుపట్టైన కమాన్ల దగ్గరకు వస్తున్నాను. బండి బరువును చక్రాల మీద మోసే ఉక్కు పట్టీల కట్టనే మేము కమాను అంటాం. ఆ పట్టీలు వంగి లేస్తూ గతుకుల దెబ్బను తాము తింటాయి. కట్టలో పట్టీలు పెరిగితే ఎక్కువ బరువు మోస్తుంది, తక్కువ వంగుతుంది.

మా మెట్ట ప్రాంతంలో ఒక ఆచారముండేది. ఎవరైనా బండి కొంటే, చూడవచ్చినవారు రంగు చూసేవారు కారు, ఇంజను వినేవారు కారు. పంచె ఎగదోపి, వంగి, వెనుక కమానులో పట్టీలెన్నో లెక్కపెట్టేవారు. ఎక్కువుంటే ఆ యజమాని గట్టివాడు. అందుకని ఏ బండి షెడ్డుకు వచ్చినా, అవసరమున్నా లేకున్నా, ఒకటో రెండో పట్టీలు ఎక్కించి పంపడం మేస్త్రీగారికి నియమం. ఈ పికప్పుకు సైన్యం వేసిన కమాన్లే మందుగుండు పెట్టెలు మోయడానికి పుట్టినవి. వాటికి ఆయన మరికొన్ని పట్టీలు చేర్చారు.

"పాలే కదండీ మోసేది?" అన్నాను.

"ఇవాళ పాలు. రేపు ధాన్యం ఎక్కిస్తాడు, ఎల్లుండి పెళ్లివారిని ఎక్కిస్తాడు. కమాను విరిగితే తిట్టేది వాణ్ని కాదు, నన్ను."

దేవసహాయం కూడా వంగి పట్టీలు లెక్కపెట్టుకొని మురిసిపోయాడు. నాకూ ముచ్చటగానే ఉంది.

ఇంజను తొలిసారి పలికిన ఉదయం నాకు పండుగలన్నిటికంటే పెద్దది. సెల్ఫు తిప్పగానే రెండుమూడుసార్లు మూలిగి, గొట్టంలోంచి నల్లని పొగ ఒక ముద్దగా కక్కి, బండి నిలువెల్లా వణికి, దబదబమని అందుకుంది! మేస్త్రీగారు నన్ను కౌగిలించుకుంటే ఇద్దరి చొక్కాల గ్రీజు ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. మార్తమ్మ కళ్లు మూసుకొని ప్రార్థన చేసి, "ఆమేన్" అని కళ్లు తెరిచి, "ఈ మోత ఎప్పుడూ ఇంతేనా అండీ?" అని అడిగింది.

వానాకాలమంతా, చలికాలమంతా ఆ బండి ఒక్కపూట తప్పలేదు. దాని దబదబ విని పల్లెల్లో ఆడవాళ్లు పాల చెంబులతో ఇళ్లలోంచి బయటికి వచ్చేవారు. కట్టలేరు వాగుకు అడ్డంగా వేసిన చప్టా దిగి ఎక్కేటప్పుడు దాని గొంతు మారడం ఆ ఒడ్డు పొలాల్లోవారికి గడియారమైంది.

వేసవితో వచ్చిన నింద

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం దేవసహాయం వచ్చి, బండి తాళంచెవి మేస్త్రీగారి ముందు బల్ల మీద పెట్టాడు.

"ఎవరికన్నా అమ్మిపెట్టండి మేస్త్రీగారూ."

ఏమైందని అడిగాం. వెనుక నిలబడిన మార్తమ్మే చెప్పింది. కొన్నాళ్లుగా పాలకేంద్రంలో పరీక్ష చేస్తే వినగడప పాలలో వెన్న తగ్గుతున్నది. నీళ్లు కలిపితే పాలు పలచబడినట్లు పరికరం చూపాలి. అలా చూపడం లేదు. కనుక నీళ్లు పోయలేదనీ, వెన్నే ఎక్కడో పోతున్నదనీ కేంద్రంవారు తేల్చారు. ఊళ్లో పెద్ద రైతు సీతారామయ్యగారు పాలు పోసేచోట అందరి ముందూ నిలదీశారు.

"ఆయనేమన్నారో తెలుసా అండీ? 'మా గేదెల వెన్న వినగడపలో ఉంటది, తిరువూరులో ఉండదు. దారిలో ఎవరి నోట్లో పడుతుందిరా దేవసహాయం?' అన్నారు. వచ్చే ఆదివారం దాకా చూసి, పని వేరేవాళ్లకి ఇచ్చేత్తారంట." ఆమె ఒక అడుగు ముందుకు వచ్చింది. "పని పోతే పోయిందండి. దొంగన్న పేరు ఎట్టా పోతది? పేటవాళ్లం కదా, అంటిస్తే ఇట్టే అంటుకుంటది."

మేస్త్రీగారు ఆమెకు కుర్చీ వేయించారు. నేను అడిగాను. "ఇది ఎప్పటి నుంచి?"

"ఎండలు మొదలైనకాడి నుంచి."

"ఎండలకు మారిందేమిటి?"

"పాలు తగ్గినయ్యండి. డబ్బాలు సగానికే వస్తున్నాయి."

"సగం సగం డబ్బాలు కలిపి నింపి, తక్కువ డబ్బాలు తేవచ్చు కదా?"

దేవసహాయం అందుకున్నాడు. "దారిలో పల్లెలవాళ్లు కలిపి నింపుతారు గానీ, మా ఊళ్లో కలపరండి. ఎవరి డబ్బా వాళ్లది. మూత మీద ఇంటిపేరు రాసుంటది. పేట పాలు వేరే డబ్బా. ఒకరి పాలల్లో ఇంకొకరివి పోస్తే గొడవే."

నేను లేచి బయటికి పోయాను. ఖాళీ బండి తొట్టి అంచు మీద రెండు చేతులూ మోపి నా బరువంతా వేసి నొక్కాను. వెంట్రుకవాసి దిగలేదు. ఎక్కి గెంతాను. రాతిమండపం మీద గెంతినట్లుంది. నిండుబరువు ఉన్నప్పుడు కొంచెమైనా వంగిన కమాన్లు, ఈ సగం బరువును లెక్కే చేయడం లేదు. రోడ్డు మీది ప్రతి రాయీ తన దెబ్బను నేరుగా డబ్బాలకు అందిస్తున్నది. సగం నిండిన డబ్బా, వెచ్చని గేదెపాలు, మూతదాకా ఎగిరిపడేందుకు కావలసినంత చోటు! పరుగున షెడ్డులోకి వచ్చాను.

"మేస్త్రీగారూ, వెన్న ఎక్కడికీ పోలేదు. డబ్బాల్లోనే ఉంది. మన బండి పాలను చిలుకుతోంది!"

"ఏం మాటలయ్యా అవి? నా పట్టీలు కవ్వాలా?" అని మేస్త్రీగారు ఎర్రబడ్డారు.

"రేపు పొద్దున మనమిద్దరం తొట్టిలో డబ్బాల పక్కన కూర్చొని చూద్దాం."

డబ్బాల మధ్య ప్రయాణం

నిజం మాకు తెలిస్తే చాలదు. నింద వేసినవారికి తెలియాలి. మరునాటి ఉదయం వినగడపలో సీతారామయ్యగారి ఎదుటికి పోయాను. పెద్దమనిషి. మాటలో కరకుదనం ఉంది గాని కపటం లేదు.

"అయ్యా, మీ డబ్బాకు మీ చేత్తోనే మూతపెట్టి, తాడు బిగించి, దాని పక్కనే కూర్చొని తిరువూరు దాకా రండి. దొంగ ఎవరైనా మీ కళ్ల ముందే దొరుకుతాడు," అన్నాను.

"నేనా? డబ్బాల మధ్యా?"

"ముందు సీటులో కూర్చుంటే వెనకేం జరిగిందో చూడలేదని మళ్లీ మీరే అంటారు."

ఆయన మీసం దువ్వి, తలగుడ్డ బిగించి, తొట్టిలోకి ఎక్కారు. మేస్త్రీగారు ఒకవైపు, నేను మరొకవైపు చేరాం. దేవసహాయం వెనక్కి తిరిగి చూడలేదు. మార్తమ్మ మాత్రం ఒకసారి తిరిగి, "గట్టిగా పట్టుకోండి అయ్యగారూ, వెనక కూర్చున్నోళ్లకి నేను పూచీ కాదు," అంది.

ఊరు దాటగానే ఆరంభమైంది! మొదటి గతుకులో సీతారామయ్యగారు జానెడెత్తు లేచి కూలబడ్డారు. రెండవ గతుకులో తలగుడ్డ జారింది. మూడవదానికి నేను నాలుక కరుచుకున్నాను.

"ఓరి నాయనో! ఏం బండయ్యా ఇది? నడుం విరిగింది!"

"పట్టీలు గట్టివండి," అన్నారు మేస్త్రీగారు. గర్వం అలవాటుగా బయటికి వచ్చింది గాని, అదే క్షణాన ఆయన కూడా ఎగిరి డబ్బా అంచుకు మోచేయి కొట్టుకున్నారు.

"పట్టీలు గట్టివైతే నా నడుం గట్టిదా సాయిబూ?"

నేను సీతారామయ్యగారి డబ్బాకు చెవి ఆనించాను. లోపల పాలు గోడలకు తగిలి ఫెళ్లుఫెళ్లుమని విరుచుకుపడుతున్నాయి. ఆయన్నూ చెవి పెట్టమన్నాను. విసుక్కుంటూ పెట్టారు. కట్టలేరు చప్టా దగ్గరపడుతుండగా ఆ శబ్దం మారింది. నీటి చప్పుడు తగ్గి, ఏదో బరువైనది గుబుక్కు గుబుక్కుమని మూతకు తగలసాగింది. సీతారామయ్యగారి ముఖంలో తిట్టు ఆగిపోయింది. చెవి తీయకుండా అలాగే ఉండిపోయారు.

"ఈ చప్పుడు నాకు తెలుసు," అన్నారు. "మా అమ్మ చల్ల చేసేటప్పుడు, వెన్న పడే వేళకి కుండ ఇట్లాగే పలికేది."

తక్కిన దారంతా ఆయన ఆ డబ్బాను రెండు చేతులా పట్టుకొనే కూర్చున్నారు.

పాలకేంద్రంలో తాడు ముడి ఆయనే విప్పారు, మూత ఆయనే తీశారు. మూత లోపలా, డబ్బా మెడ చుట్టూ వెన్న పూసలు పూసలుగా అతుక్కొని ఉంది. పాల మీద పలుకులు తేలుతున్నాయి. పరీక్షకు పాలు తీసేవాడు గరిటెను అడుగుదాకా ముంచి నడుమనుంచి తీస్తున్నాడు. మూతలను అప్పటికప్పుడే వేడినీళ్ల తొట్టిలో పడేస్తున్నారు. వెన్న నీళ్లపాలవుతున్నది, లెక్కకు రావడం లేదు. అంత జనమూ చూస్తుండగా మార్తమ్మ ఆ మూతను రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. అలాగే నిలబడింది, అంతే.

పట్టీలు తీసిన మేస్త్రీగారు

తిరిగి షెడ్డుకు రాగానే మేస్త్రీగారు చొక్కా విప్పి కొక్కేనికి తగిలించారు. పానా అందుకొని తానే బండి కిందికి దూరారు. నేను చేస్తానంటే వద్దన్నారు. తాను చేర్చిన పట్టీలు తీశారు. సైన్యం వేసినవాటిలోనూ కొన్ని తీశారు. మిగిలినవాటిని విడదీసి, తుప్పు గీకి, నడుమ గ్రీజు పూసి, ఒకదాని మీద ఒకటి సులువుగా జారేలా మళ్లీ కట్టారు. జీపు నుంచి తీసిన, కుదుపును అణచే షాకబ్జార్లు బిగించడం నా వంతుకు వచ్చింది. చక్రాల్లో గాలి కొద్దిగా తగ్గించాం.

"పంతులూ, ఇది యుద్ధానికి పుట్టింది. ముక్కు మార్చాం, గుండె మార్చాం, రంగు మార్చాం. నడుం మాత్రం యుద్ధానిదే ఉంచాం. పాలు మోసే పిల్లకి ఫిరంగి మోసేవాడి నడుం ఎందుకయ్యా?" అన్నారు బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ.

తీసిన పట్టీలను ఆయన దాచలేదు. వాటిని షెడ్డు ముందు గోడకు ఆనించి పెట్టి, అడిగిన ప్రతి బండివాడికీ ఎందుకు తీశారో చెప్పేవారు. నాకు తెలిసిన యజమానులలో పేరున్నవారు ఎందరో ఉన్నారు. తన చేతిపనిని తానే విప్పి, అందరికీ కనిపించేచోట పెట్టగలవారు ఆయనొక్కరే. మీకు అటువంటి యజమాని దొరికితే జీతం తక్కువైనా వదలకండి.

మరునాడు ఖాళీ తొట్టి అంచు మీద చేయి వేసి నొక్కితే బండి మెత్తగా దిగి, మెత్తగా లేచింది. ఎంతటి సంబరమో! కాని ఆ పూట పాలు వచ్చాక పాలకేంద్రంలో మూతలు తీసి చూస్తే సంబరం సగమైంది. వెన్న ముద్దలు లేవు, నిజమే. సగం డబ్బాల మూతలకు మాత్రం పలుకులు ఇంకా అంటుకొని ఉన్నాయి. వినగడప డబ్బాల్లో నిండుగా ఉన్న ఒకే ఒక్కదాని మూత అద్దంలా శుభ్రంగా ఉంది. అది పేట డబ్బా. పేటవారు తమ ఇళ్లన్నిటి పాలూ ఒక్కదానిలోనే పోసుకుంటారు.

కమాన్లు మెత్తబరచడం షెడ్డు చేతిలోని పని. అది చేశాం. డబ్బాలు నింపడం ఊరి చేతిలోని పని.

ఆదివారం ఉదయం

గడువు పెట్టిన ఆదివారం తెల్లవారగానే మేస్త్రీగారూ నేనూ వినగడప చేరుకున్నాం. పాలు పోసేచోట రైతులందరూ గుమిగూడారు. ఇంటిపేర్లు రాసిన సగం డబ్బాలు వరుసగా ఉన్నాయి. వాటికి కాస్త ఎడంగా పేట డబ్బా ఉంది; ఆ పూట అదీ సగానికే వచ్చింది. నేను జరిగినదంతా వివరించి, కలపక తప్పదన్నాను. ఎవరూ కదలలేదు. ఎవరి గేదెల పాలు చిక్కనో ఎవరివి పలచనో, కలిపితే ఎలా తెలుస్తుందని ఒకరు గొణిగారు. అసలు అడ్డు అది కాదని అక్కడ అందరికీ తెలుసు.

మార్తమ్మ ఒక సంచిలోంచి చిన్నచిన్న గాజుసీసాలు తీసి బండి అంచు మీద వరుసగా పెట్టింది.

"ముందు ఎవరి పాలు వాళ్ల సీసాలో కొంచెం తీసి, మూతేసి, పేరంటిద్దామండి. పరీక్ష దాంట్లో చేస్తారు. మిగతావి కలిపి పోద్దాం. ఇంక ఎవరికీ నష్టం లేదు."

అందరూ సీతారామయ్యగారి వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"నేను కూర్చొని వచ్చానర్రా. చెవులారా విన్నాను. తప్పు బండిది. దేవసహాయానిది కాదు."

దేవసహాయం తల వంచుకొని నిలబడ్డాడు. మార్తమ్మ వంచలేదు.

"బండి తప్పు మేస్త్రీగారు విప్పి తీశారండి అయ్యగారూ. మాట తప్పు ఎవరు తీస్తారండి?"

సీతారామయ్యగారి ముఖం నల్లబడింది, మళ్లీ మామూలైంది. ఆయన భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకున్నారు. వరుసలో తన ఇంటిపేరున్న డబ్బా దగ్గరకు పోయి మూత తీశారు. సీసాలో పాలు పోసి మార్తమ్మకు అందించారు. ఆ తరువాత డబ్బాను రెండు చేతులా ఎత్తుకొని, ఎడంగా ఉన్న పేట డబ్బా దాకా నడిచారు. బరువుకు కాళ్లు తడబడితే దేవసహాయం ముందుకు ఉరికి డబ్బా అడుగు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వంచారు. పాలు పాలలో పడి, నురగ మెడదాకా లేచి, అంచున నిలిచింది.

"మూత వెయ్యమంటారా అయ్యగారూ?" అంది మార్తమ్మ.

"వెయ్యమ్మా," అన్నారాయన. "గట్టిగా వెయ్యి."

ఒకరి వెనుక ఒకరుగా తక్కినవారూ మూతలు తీశారు. బండి కదిలినప్పుడు నేను తొట్టిలో ఎక్కి నిండు డబ్బాకు చెవి ఆనించాను. కట్టలేరు చప్టా దిగాం, ఎక్కాం. లోపల ఏ చప్పుడూ లేదు.